లాల్ బహదూర్ నగర్ దాకా ఒక టిక్కెట్టు

దిల్‌సుఖ్‌నగర్‌లో నేను కాపురం పెట్టి పాతికేళ్ళయింది. యీ పాతికేళ్ళలో మా పేట సంగతి ఎవరికైనా చెప్పవలసి వస్తే బస్సుల సంగతే చెప్పేవాణ్ణి. విజయవాడ పోయేవాళ్ళూ, నల్లగొండ పోయేవాళ్ళూ, నాగార్జునసాగర్ పోయేవాళ్ళూ మా వీధి చివర నిలబడి చెయ్యెత్తవలసిందే. పోటీపరీక్షల పుస్తకాలు సంచిలో వేసుకుని పల్లెటూళ్ళ నుంచి వచ్చిన పిల్లలు బస్సు దిగి, ముందు గదికోసం, తరవాత హోటలుకోసం వెతుక్కునేది యిక్కడే. యిక రైలంటారా, అది మా సొత్తు కాదు. అది మలక్‌పేటవాళ్ళది. రాత్రి బాగా పొద్దుపోయాక, గాలి అటునుంచి వీస్తే, దాని కూత మాత్రం మాకు వినబడేది.

అటువంటి మా పేటకి 2018 సెప్టెంబరు 24న రైలు వచ్చింది. అమీర్‌పేట నుంచి ఎల్.బి. నగర్ దాకా మెట్రో నడిచిన రోజు అది. నేలమీద చోటు లేక కాబోలు, ఆకాశాన స్తంభాలమీద వచ్చింది. మొదటి నెలలో నేనూ వింతగా ఎక్కాను. తరవాత అందరిలాగే అలవాటుపడి, కిటికీలోంచి చూడడం కూడా మానేశాను. మా మేనమామ వచ్చి నాచేత మళ్ళీ చూపించేదాకా అంతే సంగతి.

మా మామది జడ్చర్ల. డెబ్బయి దాటాయి. 1969లో రైల్వేలో ఇంజను తుడిచే ఖలాసీగా చేరి, ఫైర్‌మనై, తరవాత డ్రైవరై, రిటైరై యింట్లో కూర్చున్నాడు. మొన్న వానాకాలంలో కళ్ళు చూపించుకోవడానికి పట్నం వచ్చాడు. కాచిగూడ స్టేషనులో దిగగానే నన్ను పలకరించడానికి ముందు, స్టేషను గుమ్మటాలకేసి తలెత్తి ఒకసారి చూశాడు.

"యిది 1916 నాటి కట్టడం, తెల్సునా?" అన్నాడు.

నాకు తెలియదు. ఆటోలో కూర్చున్నాక ఆయన చెప్పినదీ, తరవాత నేను చదివి తెలుసుకున్నదీ కలిపి పాఠకులకు మనవి చేస్తాను.

హైదరాబాదు రాజ్యానికి మొదటి రైలు 1874లో వచ్చింది. సాలార్‌జంగ్ దివానుగా వున్న కాలం. వాడీ నుంచి సికింద్రాబాదు దాకా వేసిన ఆ లైను పెద్దగేజి. అంటే పట్టాలమధ్య అయిదడుగుల ఆరంగుళాల ఎడం. దాన్నే పొడిగించుకుంటూ పోయి 1889లో బెజవాడ చేర్చారు. అయితే పెద్దగేజికి ఖర్చు పెద్దది. కట్ట వెడల్పుగా పోయాలి, వంతెన బలంగా కట్టాలి. రాబడి అంతగా వుండదనుకున్న సీమలకు చవుకలో రైలు కావాలి. అందుకోసం మీటరుగేజి పట్టుకున్నారు. మూడడుగుల మూడంగుళాల పైచిలుకు, అంతే. గోదావరిలోయ రైల్వే అనే పేరుతో సికింద్రాబాదు నుంచి మన్మాడుకు 1901 నాటికి పోయిన లైను ఆ కొలతదే. కాచిగూడ నుంచి మలక్‌పేట, డబీర్‌పురా, యాకుత్‌పురా, ఫలక్‌నుమా మీదుగా షాద్‌నగర్, జడ్చర్ల, మహబూబ్‌నగర్, గద్వాల దిక్కుకు దిగిన లైనూ ఆ కొలతదే. మా మామ బతుకంతా యీ రెండో లైనుమీద గడిచింది.

చవుకలో వచ్చింది గాని దానికో చిక్కు వుండేది. చిన్నగేజి బండి పెద్దగేజి పట్టా ఎక్కదు కదా. రెండు గేజీలూ కలిసేచోట ప్రతి బస్తా దింపాలి, పక్క బండికి ఎక్కించాలి. పాలమూరు వేరుసెనగ బొంబాయి పోవాలంటే హమాలీల వీపులమీద ఒక మజిలీ తప్పేది కాదు. దేశమంతా ఒకే గేజి వుండాలని 1992లో సంకల్పించి, 1990లలోనే యీ లైను కూడా పెద్దగేజికి మార్చారు. మామ అప్పటికి డీజిలు డ్రైవరు.

మలక్‌పేటలో రైలువంతెన దగ్గర ఆటో ఆపించాడు. ముందురోజు వానకు వంతెనకింద నీళ్ళు నిలిచి, స్కూటర్లు ఒకదాని వెనక ఒకటి నెమ్మదిగా దాటుతున్నాయి. పాతికేళ్ళుగా ఆ వంతెనకింద నీళ్ళని తిట్టుకుంటూ పోవడమే గాని, నేనక్కడ ఎన్నడూ నిలబడలేదు.

"పైకి చూడు అల్లుడూ," అన్నాడు మామ.

చూశాను. కింద రోడ్డు. దానిమీద రైలుకట్ట. ఆ రెంటిపైనా మెట్రో వారధి. అదే సమయానికి మధ్య అంతస్తులో ఎం.ఎం.టి.ఎస్. బండి ఫలక్‌నుమాకేసి పోయింది.

"ఆ నడుమదే మా లైను. మీటరుగేజి పీకి పెద్దగేజి వేసిన్రు. మరి ఆ మీదిది ఏ గేజి?"

"నాలుగడుగుల ఎనిమిదిన్నర అంగుళాలు మామా. స్టాండర్డ్ గేజి అంటారు. ప్రపంచంలో ఎక్కువ దేశాల కొలత అదే," అన్నాను. యింతమాత్రం నాకు తెలుసు.

"అంటే అటు పెద్దదీ గాదు, యిటు చిన్నదీ గాదు. నడుమది," అని నవ్వి, "పా, ఎక్కుదాం," అన్నాడు.

ప్లాటుఫారం మీద బండి వచ్చి ఆగింది. మూడే పెట్టెలు. మామ లోపలికి ఎక్కకుండా ఆ కొసనుంచి యీ కొసకు చూస్తున్నాడు. తలుపులు మూసుకుంటాయేమోనని రెక్క పట్టుకుని లోపలికి లాగాను.

"ఇంజన్ ఏడ పెట్టిన్రు?"

"ఇంజను వేరే లేదు మామా. మోటార్లు పెట్టెలకిందే వుంటాయి. కరెంటు పైన తీగలోంచి వస్తుంది. యిరవై అయిదువేల వోల్టులు. బ్రేకు వేసినప్పుడు ఆ మోటార్లే తిరిగి కరెంటు పుట్టించి తీగకు పంపిస్తాయట."

ఆయన కాసేపు మాట్లాడలేదు. బ్రేకు వేస్తే కరెంటు తిరిగి వస్తుందన్న మాట ఆయనకు బాగా నచ్చింది.

"మా కాలంల బ్రేకేస్తే గాల్లే కలిసేది. మళ్ళ ఎత్తుకోవాలంటే మళ్ళ బొగ్గే," అన్నాడు.

ఆయన పనిచేసింది వై.పి. తరగతి ఇంజనుమీద. ముందు నాలుగు చిన్న చక్రాలు, నడుమ ఆరు పెద్దవి, వెనక రెండు. యుద్ధం ముగిశాక మీటరుగేజి ప్యాసింజరు బళ్ళకని తీర్చిన ఇంజను అది. మొదటివి 1949లో అమెరికానుంచి వచ్చాయి, తరవాత టాటావారు జంషెడ్‌పూరులో చేశారు. దాని కవల వై.జి., గూడ్సు బళ్ళకు. వై.పి. పెద్ద చక్రం ఎత్తు నాలుగున్నర అడుగులు; వై.జి.ది నాలుగే. చక్రం పెద్దదైతే పరుగు, చిన్నదైతే లాగుడు. "మనిషి కాళ్ళ లెక్కనే" అన్నాడు మామ.

ఫైర్‌మన్ పని అంటే పారతో బొగ్గు కుమ్మరించడమే అనుకునేవాణ్ణి. అలా చేస్తే మంట చచ్చిపోతుందట. పలచగా, అంతటా సమంగా చల్లాలి. ఎక్కడ మంట తెల్లగా వుందో, ఎక్కడ ఎర్రబడిందో కంటితో చూసి అక్కడ ఒక పార వెయ్యాలి. బాయిలరులో నీళ్ళు తగ్గకూడదు, ఎక్కువా కాకూడదు. చూపు పొయ్యిమీద ఒక క్షణం, నీటి గాజుమీద ఒక క్షణం, సిగ్నలుమీద ఒక క్షణం. "నా కండ్లు పొయ్యిలనే పొయినై," అన్నాడు కొత్త కళ్ళద్దాలు సర్దుకుంటూ. యిరవై ఏళ్ళ వయసులో అంత మంటకేసి చూసిన కళ్ళు అవి.

న్యూ మార్కెట్, మూసారాంబాగ్ దాటాయి. దిల్‌సుఖ్‌నగర్ వచ్చింది. కిటికీలోంచి కింద బస్సులు వరసగా కనబడుతున్నాయి.

"మీ పేట రైలుది కాదంటవు గద. ఆ బస్సులు ఎవరివి?"

"ఆర్.టి.సి.వి."

"ఆర్.టి.సి. ఎవరిది?"

యీ ప్రశ్నకు జవాబు ఆయనే చెప్పాడు. 1930లో నిజాం ప్రభుత్వం లండను కంపెనీనుంచి రైల్వేను తన చేతికి తీసుకున్నది. 1932 జూన్‌లో ఆ రైల్వేవారే 27 బస్సులతో రోడ్డు శాఖ తెరిచారు. రైలు పోలేని వూళ్ళకు రైలువాళ్ళ బస్సు. 1958లో ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ఏర్పడిందీ ఆ పునాది మీదనే. పాతికేళ్ళుగా నేను ఎక్కిన ప్రతి బస్సూ రైలుకు పుట్టిన బిడ్డేనన్నమాట! మాకు రైలు లేదని వాపోతూ, నేను రైలు యింట్లోనే కాపురం వుంటున్నాను.

యింటికి పోవాలంటే అక్కడే దిగాలి. మామ దిగనన్నాడు. "లైను కొసదాక పోవాలె. కొస చూడకుంటే లైను చూసినట్టు గాదు." చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్ దాటాము. తరవాత బండిలో గొంతు వినబడింది: ఎల్.బి. నగర్ ఆఖరు స్టేషను.

"ఎల్బీ అంటే ఏంది?" అన్నాడు మామ.

పాఠకులు నవ్వకూడదు. ఆ రెండక్షరాలను రోజుకు పదిసార్లు పలుకుతాను. ఆటోవాడితో బేరం ఆడతాను, చుట్టాలకు దారి చెబుతాను. వాటి వెనక మనిషి వున్నాడని ఆలోచించి ఎన్నాళ్ళయిందో.

"లాల్ బహదూర్. లాల్ బహదూర్ శాస్త్రి పేరు."

జనం దిగిపోయారు. మామ సీటులోంచి లేవలేదు. నేను భుజం తట్టాక లేచి, ప్లాటుఫారం మీద బోర్డు ముందు నిలబడి అద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. కిందికి దిగి చాయ్ తాగుతున్నప్పుడు చెప్పాడు.

1956 సెప్టెంబరు 2. మామకు ఎనిమిదేళ్ళు. వాళ్ళ నాయన, అంటే మా తాత, రైలుపట్టాల గ్యాంగుమన్. ఆ రాత్రి కుంభవృష్టి. జడ్చర్లకూ మహబూబ్‌నగరుకూ నడుమ వాగు పొంగి వంతెన కూలింది. బండి వచ్చి అందులో పడింది. నూటపదిమందికి పైగా పోయారు. మలక్‌పేటలో మేము తలెత్తి చూసిన ఆ నడిమి అంతస్తు లైను యిదే. కబురందగానే తాత లాంతరు పట్టుకుని వానలో పరుగెత్తాడు. మర్నాడు సాయంత్రానికి గాని యింటికి రాలేదు. ఆ కట్ట ఆయన పనిచేసే ముక్కలోది కాదు. అయినా రెండురోజులు అన్నం ముట్టలేదు.

"మా నాయన ఒకటే మాట అన్నడు. పట్టా చూసెటోనిది పాపమా, వాననా అని అడుగుతరు. చచ్చినోడు అడగడు గద, అని."

రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి. ఆయన వాన కురిపించలేదు, వంతెన కట్టలేదు. అయినా బాధ్యత నాదని రాజీనామా యిచ్చాడు. ప్రధాని నెహ్రూ ఒప్పుకోలేదు. రెండున్నర నెలలు తిరిగాయో లేదో, నవంబరులో మద్రాసు రాష్ట్రంలో అరియలూరు దగ్గర అదే కథ. వరద, వంతెన, బండి, సుమారు నూటయాభైమంది. ఆయన మళ్ళీ రాజీనామా యిచ్చాడు. యీసారి ఒప్పుకోక తప్పలేదు. తప్పు శాస్త్రిదని కాదు, పాలనలో ఒక మర్యాద నిలబడాలని ఒప్పుకుంటున్నానని నెహ్రూ పార్లమెంటులో చెప్పాడు. శాస్త్రి 1964లో ప్రధాని అయ్యాడు. 1966 జనవరి 11న తాష్కెంటులో పోయాడు.

"ఆ కబురు పేపర్ల వచ్చిననాడు మా నాయన అన్నం తిన్నడు," అన్నాడు మామ.

"ఏ కబురు? చనిపోయిన కబురా?"

"గాదు. రాజీనామా కబురు. మంత్రి గూడ మనలెక్కనే నిద్రపోలే అన్నడు."

చాయ్ చల్లారిపోయింది. సన్నగా వాన మొదలైంది. చుట్టూ ఆటోలవాళ్ళు "ఎల్బీనగర్, ఎల్బీనగర్" అని అరుస్తున్నారు. విజయవాడ రోడ్డుమీద లారీలు పోతున్నాయి. యింతమంది నోట యిన్నిసార్లు పలికే పేరు పట్టణంలో యింకోటి వుందో లేదో. పలికేవాళ్ళలో నూటికి ఎందరికి ఆ రెండక్షరాలు విప్పుకుని చూసే తీరిక వుంటుంది? నాకు పాతికేళ్ళు పట్టింది. అదీ మామ అడిగితే.

తిరుగుప్రయాణానికి మెట్లెక్కాము. గేటు దగ్గర నిలబడిన ఉద్యోగి కుర్రాణ్ణి మామ ఆపాడు.

"బిడ్డా, వాన పడ్డనాడు యీ పట్టాలు ఎవరు చూస్తరు?"

వాడు తెల్లబోయి నాకేసి చూశాడు. తరవాత ముసలాయన వేళాకోళానికి అడగడంలేదని తెలుసుకుని మర్యాదగా చెప్పాడు. "రోజూ రాత్రి ఆఖరి బండి పోయినాక మనుషులు ఎక్కి చూస్తారు తాతా. పొద్దున మొదటి బండి వచ్చేలోగా అయిపోవాలి."

"నడిచేనా?"

"నడిచే."

"చేతిల దీపం వుంటదా?"

"టార్చి వుంటుంది తాతా."

మామ తల వూపాడు. ఆకాశాన పోయే రైలుకు కూడా కింద ఒక మనిషి రాత్రిపూట నడుస్తున్నాడన్నది ఆయనకు చాలినట్టుంది.

"అయితే సరే," అని నాకంటె ముందు గేటు దాటాడు.