గురి బరువు

నాకు 2021 డిసెంబరులో బరువు తగ్గే ఆపరేషన్ జరిగింది. జీర్ణాశయంలో ముప్పాతిక భాగానికి పైగా తీసేసి, మిగిలినదాన్ని సన్నటి గొట్టంలా మిగిల్చే పద్ధతి. డాక్టర్లు దాన్ని స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ అంటారు. ఈ సంగతి చాలాకాలం ఇద్దరు స్నేహితురాళ్లకి తప్ప ఎవరికీ చెప్పలేదు. స్త్రీవాద సాహిత్యంలో శరీరం అనే విషయం మీదే నేను పిహెచ్.డి. చేశాను. ఓల్గా ‘రాజకీయ కథలు’ మీద పాఠాలు చెప్పాను. ఆడవాళ్ల శరీరాన్ని ఎవరెవరు ఏ కొలతలతో కొలుస్తారో వేదికలెక్కి మాట్లాడినదాన్ని, చివరికి నా శరీరాన్ని నేనే కత్తికి అప్పజెప్పానంటే ఏమనుకుంటారోనని భయం.

అందం కోసం చేయించుకోలేదు అని వెంటనే చెప్పాలనిపిస్తుంది. చెబుతాను కూడా. 157 సెంటీమీటర్ల ఎత్తు, 112 కిలోల బరువు, ముప్పై ఏళ్లకే సుగర్, నిద్రలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేవడం, మెట్లు దిగాలంటే మోకాళ్ల భయం. ఇవన్నీ నిజం. కానీ అందం ఊసే లేదంటే అబద్ధమవుతుంది. పెళ్లిళ్లలో ఫొటో తీసేటప్పుడు ఎప్పుడూ వెనక వరసలోకి జరిగిపోయిన మనిషి కూడా ఆ ఆపరేషన్ బల్ల మీద పడుకుంది.

ఆపరేషన్‌కి ముందు నింపిన కాగితాల్లో ‘గోల్ వెయిట్’ అని ఒక గడి ఉంది. అక్కడి అమ్మాయి నా ఎత్తు చూసి, చార్టు చూసి, 57 అని రాసేసింది. నన్ను అడగలేదు. నేనూ అడగలేదు. ఇంటికొచ్చి చెబితే అమ్మ “యాభై అయిదుకి రా. సంబంధాలవాళ్లకి చెప్పుకోవడానికి బాగుంటుంది” అంది. అప్పటికి నాకు ముప్పై నాలుగేళ్లు. బేరం లాగా రెండు కిలోలు తగ్గించింది, అంతే.

మొదటి ఏడాది బరువు దానంతటదే పోయింది. గిన్నెడు పప్పు తినలేని పొట్టకి ఆకలి కూడా తక్కువే. పద్నాలుగో నెలకి 81 దగ్గర ఆగింది. నెల గడిచింది, రెండు నెలలు గడిచాయి, ముల్లు కదల్లేదు. 57కి ఇంకా ఇరవై నాలుగు కిలోలు. అందరూ “ఎంత తగ్గిపోయావో!” అంటుంటే నాకు మాత్రం పరీక్ష తప్పినట్టుండేది. రాత్రిపూట తినడం మానేశాను. తర్వాత పొద్దున కూడా. దువ్వెన నిండా జుట్టు వచ్చేది. పరిశోధన పని మీద సీలేరు వెళ్లింది ఆ రోజుల్లోనే.

సీలేరు నాకు కొత్త కాదు. నాన్న అక్కడి పవర్‌హౌస్‌లో పనిచేశాడు. జెన్‌కో క్వార్టర్స్‌లోనే నా చిన్నతనం గడిచింది. నర్సీపట్నం నుంచి లంబసింగి, చింతపల్లి, గూడెం కొత్తవీధి, సప్పర్ల మీదుగా మలుపులు తిరిగి తిరిగి వెళ్లే బస్సు, దారిలో ధారాలమ్మ గుడి దగ్గర ఆగి దణ్ణం పెట్టుకునే జనం. ఈసారి ఆడవాళ్ల పనిపాటలు రికార్డు చేసుకుందామని వెళ్లాను. మా క్వార్టర్స్‌కి అడ్డాకులు తెచ్చి అమ్మే అవ్వ ఇప్పటికీ ఉంది. నన్ను చూసి ఆవిడ సంతోషించలేదు. బుగ్గలు తడిమి, “ఏటి పాపా, ఇలగైపోనావు? జబ్బు సేసిందేటి?” అంది. ఊళ్లో అందరూ మెచ్చుకుంటున్న శరీరం అవ్వ చేతికి జబ్బులా తగిలింది. నాకు కోపం వచ్చింది, నిజం చెప్పాలంటే.

ఆ మర్నాడు కొండవాలు మీదున్న ఊరికి ఎక్కుతూ కళ్లు తిరిగి పడిపోయాను. ఆడవాళ్లే మోసుకెళ్లి అంగన్‌వాడీ కేంద్రంలో పడుకోబెట్టారు. తెలివొచ్చేసరికి అక్కడ గర్భిణుల బరువు చూస్తున్నారు. ఇరవై ఏళ్లు కూడా నిండినట్టు లేని ఒక కొండదొర అమ్మాయి కాటా ఎక్కింది. అయిదో నెల. 39 కిలోలు. కార్యకర్త కార్డు మీద రాస్తూ, “కాన్పు టైముకి ఎంత పెరగాలో సెప్పు” అంది. ఆ అమ్మాయి సిగ్గుపడుతూ “పది” అంది. కార్యకర్త గుడ్డు ఉడకబెట్టి ఆమె చేతిలో ఒకటి, నా చేతిలో ఒకటి పెట్టింది. “మేడం, మీరూ ఎక్కండి” అంది తర్వాత. ఎక్కాను. “మీరెంతకి రావాల?” అని అడిగింది. “యాభై ఏడు” అన్నాను. ఆమె నన్నూ కాటానీ మార్చి మార్చి చూసింది. “ఎవులు సెప్పారు?” అంది.

ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. డాక్టరేటు ఉంది, జవాబు లేదు.

తిరిగొచ్చాక ఒక సాహిత్య పాఠాన్ని చదివినట్టే ఆ అంకెని చదవడం మొదలుపెట్టాను. బరువుని ఎత్తు వర్గంతో భాగించే సూత్రం 19వ శతాబ్దపు బెల్జియం గణాంక శాస్త్రవేత్త క్వెటెలె తయారుచేశాడు. ‘సగటు మనిషి’ ఎలా ఉంటాడో తెలుసుకోవాలనుకున్నాడే తప్ప, ఎవరి ఆరోగ్యం ఎలా ఉందో చెప్పడానికి కాదు. 1972లో యాన్సెల్ కీస్ దాన్ని ‘బాడీ మాస్ ఇండెక్స్’ అని పిలిచి స్థిరపరిచాడు. అయిదు దేశాల్లో 7,400 మందికి పైగా కొలతలు తీశారు. అందరూ మగవాళ్లే. ఇక ఎవరికి ఎంత ‘అదనపు బరువు’ ఉందో లెక్కకట్టడానికి సర్జన్లు ఏళ్లతరబడి వాడింది అమెరికాలోని మెట్రొపాలిటన్ లైఫ్ అనే బీమా కంపెనీ 1983 పట్టిక. పాలసీ కొన్నవాళ్ల మరణాల లెక్కల నుంచి పుట్టిన పట్టిక అది. మన దక్షిణాసియా వాళ్లకి తక్కువ బరువుకే సుగరు, గుండెజబ్బులు వస్తాయి కాబట్టి, మామూలు బరువు హద్దుని మన వైద్యులు 25 నుంచి 23కి దించారు. దానికి కారణం ఉంది, కాదనను. కానీ నా 57 పుట్టింది ఆ 23 నుంచే. జబ్బు రాకుండా ఉండాల్సినవాళ్ల కోసం గీసిన గీత అది. 112 కిలోల నుంచి దిగివస్తున్న శరీరం చేరాల్సిన గమ్యమని దాన్ని గీసినవాళ్లు కూడా అనలేదు.

అలాంటి శరీరాలు నిజంగా ఎక్కడికి చేరతాయో చెప్పే లెక్కలు వేరే ఉన్నాయి. 1987లో మొదలైన స్వీడన్ అధ్యయనంలో, బైపాస్ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు ఒకటి రెండేళ్లకి సగటున తమ బరువులో 32 శాతం తగ్గారు. పదేళ్ల నాటికి ఆ తగ్గుదల 25 శాతం దగ్గర నిలిచింది. అంటే కొంత తిరిగి వచ్చింది. అది వాళ్ల బద్ధకం కాదు, శరీరం తనని తాను కాపాడుకునే తీరు. నా పద్ధతి వేరే అయినా, ఈ లెక్కనే నా 112కి పెట్టి చూసుకున్నాను. మొదట్లో 76, ఆ తర్వాత 84 చుట్టుపక్కల. 81 అపజయం కాదు. ఆపరేషన్ ఏం చేయగలదో అది చేసింది. ఈ చిన్న గుణకారం ఆ గడి నింపే ముందు నాతో ఎవరైనా కూర్చుని చేసి ఉంటే!

చేయరు, ఎందుకంటే 57 అనే అంకెకి చాలామంది కాపలా ఉన్నారు. 2015 జూన్‌లో ఆర్తీ అగర్వాల్ అమెరికాలో 31 ఏళ్లకే చనిపోయినప్పుడు, కొన్ని వారాల ముందే లైపోసక్షన్ చేయించుకుందని పత్రికలు రాశాయి. అది నాకు జరిగిన ఆపరేషన్ కాదు, ఆమె ఊపిరితిత్తుల జబ్బు గురించి కూడా రాశారు. నాకు గుర్తున్నది వేరే: బతికుండగా ఆమె సినిమాల గురించి కన్నా ఆమె లావు గురించి ఎక్కువ మాట్లాడుకున్నాం. అందులో నేనూ ఉన్నాను. అదే ఏడాది నవంబరులో ‘సైజ్ జీరో’ సినిమా వస్తే, అనుష్క ఎన్ని కిలోలు పెరిగింది, మళ్లీ ఎలా తగ్గుతుంది అన్నదే అందరికీ ముచ్చట అయింది.

మరోవైపు, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 36.3 శాతం స్త్రీలు అధిక బరువుతోనో ఊబకాయంతోనో ఉన్నారు. 14.8 శాతం ఉండాల్సినంత బరువు కూడా లేరు. ఈ రెండు అంకెలూ ఆ రోజు అంగన్‌వాడీలో ఒకే కాటా ఎక్కాయి. తిండి మానేసి పడిపోయిన నాకు, తిండి చాలని అమ్మాయి పక్కనే పీట వేశారు. లక్షలు ఖర్చుపెట్టి పొట్ట కోయించుకున్నదాన్ని, ఆమె కోసం లెక్కపెట్టి తెచ్చిన గుడ్లలోంచి ఒకటి తిన్నాను. ఆ సిగ్గుని ఏ సిద్ధాంతంతోనూ కడుక్కోలేను. కనీసం దాచను.

నాన్నకి ఇదంతా చెప్పాను. సగం అర్థమైందో లేదో తెలియదు. “డ్యామ్‌కి ఒక కనీస మట్టం ఉంటుందమ్మా. నీళ్లు ఉన్నాయి కదా అని అంతకంటే కిందకి లాగితే టర్బైను పాడవుతుంది. అడుగు కనపడేదాకా వాడుకోవడం ఎవరి టార్గెట్టూ కాదు” అన్నాడు. ముప్పై ఏళ్లు రోజూ రిజర్వాయరు మట్టం రిజిస్టర్లో రాసిన మనిషి. నా బరువు గురించి మా ఇంట్లో ఎవరైనా అన్న మాటల్లో నన్ను ఏడిపించకుండా అర్థమైన మాట అదొక్కటే.

ఆ తర్వాత వేరే డాక్టరు దగ్గర కూర్చుని, గడి కొట్టేసి మళ్లీ రాయించాను. ఒక అంకె కాదు, 78 నుంచి 84. దాని కింద ఇంకొన్ని: సుగర్ మాత్రలు మూడు నుంచి ఒకటికి, హిమోగ్లోబిన్ పన్నెండుకి, రోజుకి అరవై గ్రాముల ప్రొటీన్, బి12, ఐరన్, కాల్షియం మానకుండా, రాత్రి ఊపిరి ఆగని నిద్ర, సీలేరు కొండవాలు మధ్యలో కూర్చోకుండా ఎక్కడం. ఈ జాబితా అమ్మకి నచ్చలేదు. “డెబ్బై ఎనిమిది అంటే సంబంధాలవాళ్లకి ఏం చెప్పను?” అంది. చెప్పొద్దన్నాను. ఇప్పటికీ ఆ విషయంలో మా మధ్య మాటలు తక్కువే.

ఇప్పుడు 83 ఉన్నాను. కొన్ని ఉదయాలు ఆ 57 కోసం ఇంకా కడుపులో ఏదో పీకుతుంది, అబద్ధం ఎందుకు. మొన్న మళ్లీ సీలేరు వెళ్లినప్పుడు అవ్వ చెయ్యి పట్టుకుని చూసి, “ఇప్పుడు నయిం” అని అడ్డాకుల కట్ట నా నెత్తికెత్తింది. దాన్ని సంత దాకా మోశాను. ఎన్ని కిలోలుందో చూడలేదు.