వరద పైసలు, మన ఫోన్ నంబర్

పోస్టు కొంచెం పెద్దగనే ఉంటది, ఓపికతో చదవండి.

మేము ఇబ్రహీంపట్నంలో హాస్టల్ల ఉండి డిగ్రీ చదువుతున్నం. మా రూంలో ఆరుగురం, అందరివీ మహబూబాబాద్ జిల్లా తండాలే. మా ఇండ్లల్ల కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. అందుకే యాడి ఖాతాకు, బా ఖాతాకు, పక్కింటి కాకి ఖాతాకు కూడా ఎక్కిచ్చిన నంబర్ మాదే. ఖాతా తెరిచిన రోజు ఫోన్ ఉన్నది మా చేతులనే మరి. మనలో చాలామందిది ఇదే కథ అనుకుంటున్నం.

2024 ఆగస్టు 31, సెప్టెంబర్ 1 నాటి వాన మీకు యాదికుంటది. ఆకేరు పొంగి మరిపెడ మండలం సీతారాం తండా మునిగింది. ఖమ్మంలో మున్నేరు ఇండ్లల్లకు వచ్చింది. కేసముద్రం దిక్కు రైలు పట్టాల కింద కట్ట కొట్టుకపోయి రైళ్లు ఆగినయ్. సర్కారు నష్టపోయిన ఇంటికి ముందు 10,000 అన్నది, తర్వాత 16,500 అన్నది, నేరుగా ఖాతాలనే వేస్తమన్నది. మంచి మాటనే. కానీ అంకె మారిన కాడ మోసగాడికి సందు దొరికింది.

మాకొచ్చిన ఫోన్ సరిగ్గ ఆ సందుల నుంచే వచ్చింది. "కలెక్టరేట్ నుంచి మాట్లాడుతున్నం. మీ అమ్మకు 10,000 పడ్డయ్, మిగిలిన 6,500 ఆధార్ లింక్ కాక ఆగినయ్. ఇప్పుడొక ఓటీపీ వస్తది, చెప్పు." యాడి పేరు, తండా పేరు కరెక్టుగ చెప్పిండు. ఎట్ల తెలిసిందంటే, లబ్ధిదారుల లిస్టును ఎవరో మంచికే ఫొటో తీసి ఊరి వాట్సాప్ గ్రూపుల పెట్టిన్రు, ఆధార్, ఖాతా నంబర్లతో సహా. "మా పంచాయతీ సెక్రటరీ పేరేంది సార్?" అని అడిగినం. కట్ చేసిండు. పైసలు మన ఖాతాల పడటానికి ఓటీపీ అక్కర్లేదు, పిన్ అక్కర్లేదు, క్యూఆర్ స్కాన్ చేసుడు అసలే అక్కర్లేదు. ఇది మనకు తెలుసు. తెలుగు తడుముకుంట మాట్లాడే యాడికి మాత్రం సార్ గొంతు వినవడితే చాలు, లిస్టుల పేరు పోతదని భయం. వాడు అమ్ముకునేది ఆ భయాన్నే.

ఫోన్ కంటే ఎక్కువ భయపడాల్సింది వేలిముద్ర మిషన్‌కు అని మా అభిప్రాయం. వరద తర్వాత ఒకతను చిన్న మిషన్ పట్టుకొని తండాకు వచ్చిండు, బ్యాంకుకు పోకుండనే పైసలు ఇస్తనని. కాకి వేలు పెట్టింది. "పడలే, మల్ల పెట్టు" అన్నడు. పత్తి ఏరి, మిరపకాయలు తెంపి ఆమె వేళ్ల గీతలు అరిగినయ్, నిజంగనే పడకపోవచ్చని నమ్మింది. చేతికి 2,000 ఇచ్చిండు. మేము ఇక్కడ క్లాసుల ఉన్నం, ఫోన్‌కు రెండు మెసేజ్‌లు వచ్చినయ్, రెండుసార్లు 2,000 కట్. వెంటనే కాకికి ఫోన్ చేసినం. అతను ఇంకా తండాలనే ఉన్నడు. నలుగురు చుట్టుముడితే "మిషన్ తప్పు" అనుకుంట రెండో 2,000 ఇచ్చి పోయిండు. రసీదు అడిగితే ఇయ్యాల్సిందే, కానీ మనోళ్లు అడగరు. ఆధార్ సైట్‌లో వేలిముద్రకు తాళం వేసుకోవచ్చు. అయితే నెలనెలా పింఛన్ వేలితోనే తీసుకునే ముసలోళ్లకు అది తిప్పలే, వాళ్లకు మేము చెప్పలే.

అట్లని చేతికి నగదు ఇస్తే మోసం ఉండదని కాదు. 2020 అక్టోబర్ల హైదరాబాద్ మునిగినప్పుడు ఇంటికి 10,000 నగదే పంచిన్రు. లోకల్ లీడర్లు సగం కోసుకున్నరని బస్తీలల్ల జనం రోడ్డెక్కిన్రు. తర్వాత మీసేవల దగ్గర లైన్లు, నవంబర్ 18న జీహెచ్ఎంసీ ఎన్నికలని ఎన్నికల సంఘం ఆపేసింది.

పైసలు పోతే సిగ్గుపడి దాచొద్దు, 1930కి ఫోన్ చేయాలె. ఎంత తొందరగ చేస్తే అంత మంచిది, పైసలు ఇంకో ఖాతాకు దాటకముందే ఆపగలుగుతరు. సాయంత్రం చూద్దాం అంటే కష్టం.

ఈ దసరా సెలవులకు పోయినప్పుడు ఏ ఖాతాకు ఎవరి నంబర్ ఉన్నదో నోటుబుక్కుల రాసుకున్నం. మా ఒక్క గల్లీలనే 23 ఖాతాలు చూసినం. 5 ఖాతాలకు రీచార్జి లేక బంద్ అయిన పాత నంబర్లే ఉన్నయ్. అండ్ల ఒకదానికి ఫోన్ చేస్తే ఎవరో హిందీల మాట్లాడిన్రు. బ్యాంకుకు ఆ అయిదుగురిని ఎవరు తోలుకపోవాల్నో ఇంకా తేలలే, మా ఆరుగురికీ సోమవారం నుంచి ఇంటర్నల్స్. మరిపెడ దిక్కు ఎవరన్నా ఇంటికాడ ఉంటే కామెంట్ పెట్టండి.