తలకోన నడక

తలకోన జలపాతం ఎక్కడికీ పోలేదు. 270 అడుగుల ఎత్తు నుంచి నీళ్లు ఇప్పటికీ దూకుతూనే ఉన్నాయి. పోయిందల్లా అక్కడికి చేరే నడకే.

తిరుపతి నుంచి భాకరాపేట మీదుగా వచ్చిన బస్సు మమ్మల్ని నెరబైలులో దించేసేది. ఆపైన మట్టిబాట. ఎద్దులబండి ఏదైనా దొరికితే ముసలివాళ్లూ సద్దిమూటలూ ఎక్కేవి. పిల్లలకు చోటుండేది కాదు, మాకూ అక్కర్లేదు. దారి పొడవునా మా చూపంతా గిల్లతీగ మీదే. తొడంత లావున మెలికలు తిరిగి, చెట్టు మీంచి చెట్టు మీదికి పాకి ఉండేది. కాయ మా చేతికంటే పొడుగు, గింజ గింజకూ ఓ నొక్కు. ఎండిన కాయలోంచి రాలిన గింజ గోధుమరంగులో నున్నగా మెరిసేది. దాన్ని బండకేసి గట్టిగా రుద్ది, ముందు నడిచేవాడి మెడకు ఆనిస్తే వాడు ఎగిరి గంతేసేవాడు. పెద్దవాళ్ల తిట్లు ఎలాగూ ఉండేవి.

మామ పోయిన ఏడాది అత్త మాటలు బాగా తగ్గించేసింది. నాయన ఓదార్పు మాటలేమీ చెప్పలేదు. "కోనకు పోయొద్దాం రాక్కా" అన్నాడంతే. దారంతా ఆమె నోరు విప్పలేదు. సిద్ధేశ్వరస్వామికి దండం పెట్టుకుని, బండలు పట్టుకుని ఎక్కి, చీరతోనే ధార కింద చాలాసేపు నిలబడింది. బయటికొచ్చి జుట్టు పిండుకుంటూ, "పులుసన్నంలోకి ఊరగాయ తెచ్చినారా?" అంది. అమ్మ మూట విప్పడంలోనే ఉంది, కళ్లు మాత్రం తుడుచుకుంది.

1989లో ఈ అడవి శ్రీవేంకటేశ్వర జాతీయ ఉద్యానవనంలో భాగమైంది. తర్వాత తారురోడ్డు, టికెట్టు, చెట్ల నడుమ తాళ్ల వంతెన వచ్చాయి. వీటి మీద నాకు ఫిర్యాదు లేదు. ఎర్రచందనం దొంగల నుంచి ఆ కొండను ఎవరో ఒకరు కాయాలి కదా! మోకాళ్ల నొప్పులవాళ్లు కూడా ఇప్పుడు జలపాతం దగ్గరిదాకా కారులో పోగలుగుతున్నారు. కాకపోతే ఏసీలోంచి దిగి తడిసినవాడికి, ఎండలో నడిచొచ్చి తడిసినవాడికి ఆ నీళ్లు ఒక్కలా ఉండవు.

సాయంత్రం బస్సు తప్పితే రాత్రికి గుడి దగ్గరే పడక. ఆ రోజు అత్త వల్లే బస్సు తప్పింది. చీర ఆరలేదని ఒకసారి, చెప్పు కనబడలేదని ఇంకోసారి ఆపింది. ఆ చెప్పు తన సంచిలోనే ఉండటం నేను చూశాను. నాయనా చూసే ఉంటాడు.