ఒంటరిగా పెరగని జీవి

సూక్ష్మజీవిని తెలుసుకోవాలంటే దానిని తక్కినవాటినుండి వేరుచేసి పెంచాలన్నది రాబర్ట్ కాక్ నాటినుండి వైద్యశాస్త్రం పాటిస్తున్న నియమం. ఒరెగాన్ తీరానికి ఆవల, హైడ్రేట్ రిడ్జ్ అనే సముద్రగర్భపు మిట్టమీది బురద ఆ నియమానికి లొంగలేదు. 2000లో ఆంట్యె బోయెటియస్ బృందం అక్కడ చూసినది ఒక జీవిని కాదు, ఒక పొత్తును: నడుమ నూరు దాకా ఆర్కియా కణాలు, వాటిని చుట్టుకొని బాక్టీరియా. ప్రాణవాయువు సోకని ఆ చీకటిలో ఆర్కియా మీథేన్‌ను విచ్ఛిన్నం చేస్తే, బాక్టీరియా సల్ఫేటును సల్ఫైడుగా మారుస్తుంది. దక్కే శక్తి అత్యల్పం. అదీ ఇరువురూ పంచుకోవాలి. అందుకే ఈ పొత్తు రెట్టింపు కావడానికి నెలలు పడుతుంది. అయినా అడుగునుండి పైకి లేచే మీథేన్‌లో అధికభాగం నీటిని చేరకముందే ఇటువంటి కణాలకు ఆహారమవుతుంది. లేకుంటే భూమి మరింత వేడెక్కేది. ఈ ఆర్కియాను వేరుచేసి పెంచడం ఇంతవరకు ఎవరికీ సాధ్యం కాలేదు. కొన్ని ప్రాణాలను వాటి పొరుగుతో కలిపే చదవాలి.