గడియార స్తంభం దాకా నడక

మా పల్లె అనంతపురానికి కూడేరు వైపున ఉంది. తెల్లవారుజామున వచ్చే మొదటి బస్సు ఎక్కితే ఎండ ముదరకముందే టౌనులో దిగవచ్చు. కిటికీలోంచి చూస్తే ఎర్రనేల, చెనిక్కాయ చేలు, అక్కడక్కడ ఒక వేపచెట్టు, దూరంగా బోడిగుట్టలు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే మెట్టసీమ ఇది. వాన తప్పిన ఏడు పని కోసం బెంగళూరుకు పోయేవాళ్ళు పోతారు. మిగిలినవాళ్ళకు ఆసుపత్రికైనా, కలెక్టరు కచేరీకైనా, పిల్లల చదువుకైనా, పెండ్లి బట్టలకైనా అనంతపురమే దిక్కు.

ప్రియమైన చదువరులారా, ఈ నెల మిమ్మల్ని దూరదేశాలకు తీసుకుపోవడం లేదు. ఆర్టీసీ బస్టాండులో దిగి, సప్తగిరి సర్కిలు మీదుగా గడియార స్తంభం దాకా మా అత్తతో కలిసి నడిచిన నడకే నా యాత్ర. దూరం కొద్దిదే. అయితే ఆ కొద్ది దూరంలో నేను నేర్చుకున్నది కొద్దిది కాదు.

మా అత్తకు 76 ఏళ్ళు. మోకాళ్ళ నొప్పి ఉన్నా ఆటో ఎక్కడానికి ఒప్పుకోదు. "నాలుగు అడుగుల దూరానికి యాభై రూపాయలా? నడిచి పోదాం పామ్మా" అంటుంది. అనంతపురం వీధులు ఆమెకు చిన్ననాటి నుంచి పరిచయం. గడియార స్తంభం దగ్గరికి రాగానే తల పైకెత్తి చూసి, వాళ్ళ నాయన చెప్పిన మాట తప్పకుండా చెబుతుంది. స్తంభం వెడల్పు 15 అడుగులు, మూలలు 8, ఎత్తు 47 అడుగులు. అంటే స్వాతంత్ర్యం వచ్చిన 15-8-47 తేదీని కట్టడంలోనే పెట్టారని ఇక్కడి పెద్దలు చెప్పుకుంటారు.

పోయిన ఏడాది వేసవిలో, మట్టల ఆదివారం అయిన వారంలో, కంటి పరీక్ష కోసం ఇద్దరం బయలుదేరాం. ఏ వీధిలో అన్నది చెప్పను, ఎవరినీ నిందించడం నా ఉద్దేశం కాదు. ఫుట్‌పాత్ ఉండవలసిన చోట మురికి కాలువ మీద బండలు పరిచి ఉన్నాయి. నాలుగు బండలు ఉంటే ఐదోది లేదు. తరువాత ఒక కరెంటు స్తంభం, దాని పక్కన నిలిపిన మోటారు సైకిళ్ళు, ఆపైన అంగడి ముందుకు పెంచిన రేకుల పందిరి. దిగి రోడ్డు మీద నడవక తప్పలేదు. వెనుక నుంచి వచ్చిన మోటారు సైకిలు హ్యాండిలు అత్త మోచేతికి తగిలింది. ఆమె ముందుకు పడింది, మణికట్టు విరిగింది.

బండి నడిపిన పిల్లవాడు పారిపోలేదు. పాపం, వణికిపోతూ ఆటో పిలిచి మమ్మల్ని ఆసుపత్రికి చేర్చాడు. "అవ్వా, పక్కకు పోవడానికి నాకూ చోటు లేదు" అన్నాడు. ఆ మాట నిజమే. చోటు అతనికీ లేదు, మాకూ లేదు.

ఎముక నలభై రోజుల్లో అతుక్కుంది. అయితే అత్త టౌనుకు రావడం మానేసింది. నెలనెలా రక్తపోటు చూపించుకోవడం ఆగిపోయింది. పండుగ బట్టలు తానే ఏరి తెచ్చే మనిషి, "మీరే తీసుకురండి" అనడం మొదలుపెట్టింది. పడిన దెబ్బకన్నా ఇది నన్ను ఎక్కువ బాధపెట్టింది. వీధి బాగాలేకపోతే ముసలివాళ్ళకు ఊరే మూసుకుపోతుందని నాకు అప్పుడు తెలిసింది.

ఇది మా ఇంటి బాధ ఒక్కటే కాదు. కేంద్ర ప్రభుత్వ లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వాళ్ళలో 32,825 మంది కాలినడకన పోతున్నవాళ్ళు. రోజుకు సుమారు 90 మంది. వాళ్ళ చేతిలో స్టీరింగు లేదు, వాళ్ళు వేగంగానూ పోలేదు.

మా నాయన ఇదే టౌనుకు సైకిలు మీద వచ్చేవాడు. వెనుక క్యారియరుకు చెనిక్కాయల మూట, ముందు కడ్డీ మీద నేను. ఆషాఢ మాసపు ఎదురుగాలికి దిగి తోసుకుంటూ నడిచేవాడు. టౌనులోకి వచ్చాక మాత్రం ఆయన ముఖం తేటపడేది. "ఇక్కడ నేల చదునుగా ఉంది పాపా, తొక్కడానికి సుఖం" అనేవాడు. నేల నేటికీ చదునుగానే ఉంది. సైకిలుకు ఇంతకన్నా అనువైన ఊళ్ళు తక్కువ. 2017 ప్రాంతంలో రాష్ట్ర ప్రభుత్వం ఉన్నత పాఠశాల ఆడపిల్లలకు సైకిళ్ళు ఇచ్చినప్పుడు మా పల్లెలో ఎంతో సంతోషించాం. కానీ ఆ సైకిలు మీద పిల్ల టౌను నడివీధిలోకి పోతానంటే తల్లి ఒప్పుకోదు. సైకిలు ఇచ్చాం, దారి ఇవ్వలేదు.

2014 తరువాత కొన్నేళ్ళు పాతూరులోని తిలక్ రోడ్డు, గాంధీ బజారు వెడల్పు చేయాలా వద్దా అని అనంతపురంలో పెద్ద చర్చ జరిగింది. కొందరు నాయకులు చేసి తీరాలన్నారు. కొందరు వ్యాపారుల బతుకు పోతుందన్నారు. రెండు మాటల్లోనూ న్యాయం ఉంది. ఎన్ని అడుగులు పగులగొట్టాలి, ఎంత పరిహారం ఇవ్వాలి అన్న లెక్కలు పత్రికల్లో చదివాను. వెడల్పు చేసిన రోడ్డులో నడిచేవాళ్ళకు ఎన్ని అడుగులు, సైకిలుకు ఎన్ని అడుగులు అన్న మాట మాత్రం నా చెవిన పడలేదు. వెడల్పైన రోడ్డు కూడా బండ్లతోనే నిండితే అత్తలాంటి వాళ్ళకు దాటవలసిన దూరం పెరుగుతుంది తప్ప మేలు జరగదు.

అయితే అడిగి, చూసి, సరిచేసుకున్న ఊళ్ళు మనకు దగ్గరలోనే ఉన్నాయి. మా చిన్నబ్బాయి బెంగళూరులో పని చేస్తున్నాడు. వాణ్ణి చూడడానికి పోయినప్పుడు చర్చ్ స్ట్రీట్ అనే వీధికి తీసుకుపోయాడు. పేరు విని ఆలయానికి అనుకుని బైబిలు సంచిలో పెట్టుకున్నాను! అది పుస్తకాల అంగళ్ళు, ఫలహారశాలలు ఉన్న వీధి. కిలోమీటరు కూడా ఉండదు. 2018 నాటికి దాన్ని రాతి పలకలతో కొత్తగా కట్టారు. 2020 నవంబరు నుంచి 2021 ఫిబ్రవరి దాకా శని, ఆదివారాల్లో ఆ వీధిలోకి మోటారు వాహనాలను రానివ్వలేదు. గాలి ఎంత శుభ్రపడిందో, జనం ఏమనుకుంటున్నారో పరిశీలించడానికి భారతీయ విజ్ఞాన సంస్థ వారు కూడా పాలుపంచుకున్నారు. గడువు తీరాక వాహనాలు తిరిగి వచ్చాయి. అయినా నేను చూసిన రోజున కూడా నడిచేవాళ్ళ బాట వెడల్పుగా, ఎత్తుపల్లాలు లేకుండా ఉంది. చేతికర్ర పట్టుకున్న ఒక పెద్దమనిషి ఎవరి సాయమూ లేకుండా నడుస్తూ పోవడం చూసి నాకు మా అత్త గుర్తుకొచ్చింది.

మన తెలుగు నగరాలూ వెనుకబడలేదు. 2020లో కేంద్ర పట్టణ వ్యవహారాల శాఖ నగరాల మధ్య రెండు పోటీలు పెట్టింది. ఒకటి సైకిళ్ళ కోసం, ఇంకొకటి నడిచేవాళ్ళ వీధుల కోసం. మొదటిదానిలో గెలిచిన 11 నగరాల్లో వరంగల్ ఉంది. రెండవదానిలో గెలిచిన 11 నగరాల్లో విజయవాడ ఉంది. ఆ పోటీల పద్ధతి నాకు నచ్చింది. ముందు జనాన్ని అడగాలి. తరువాత వెంటనే రాయీ సిమెంటూ పోయకుండా రంగు గీతలతో, అడ్డు దిమ్మెలతో కొన్నాళ్ళు చేసి చూడాలి. అంగళ్ళవాళ్ళు, నడిచేవాళ్ళు, ఆటోవాళ్ళు ఏమంటారో విని, తప్పు ఉంటే దిద్దుకుని, అప్పుడు శాశ్వతంగా కట్టాలి. కొత్త జాకెట్టు కుట్టించే ముందు కొలత చూసుకున్నట్లే ఇది. రంగు గీత తప్పయితే చెరిపివేయవచ్చు, సిమెంటు తప్పయితే ఇరవై ఏళ్ళు భరించాలి.

ఆ పోటీలకు అర్హత రాజధానులకు, స్మార్ట్ సిటీలకు, 5 లక్షలకు పైబడిన జనాభా ఉన్న నగరాలకు. 2011 జనాభా లెక్కల్లో అనంతపురం నగర జనాభా 2 లక్షల 60 వేల పైచిలుకు. కనుక మన ఊరికి ఆ పిలుపు రాలేదు. పిలుపు రాకపోతే పని చేయకూడదని ఎక్కడా లేదు కదా!

పైగా మన నేలకు మన అవసరాలు ఉన్నాయి. నలభై రెండు డిగ్రీల ఎండలో నీడలేని బాట ఎంత నున్నగా ఉన్నా దాని మీద ఎవరూ నడవరు. వానకు ఎదురుచూడకుండా నిలదొక్కుకునే వేప, కానుగ మనకున్నాయి. బాటకు పరచడానికి తాడిపత్రి బండలు మన జిల్లాలోనే దొరుకుతాయి. వంద గజాలకు ఒక బండ బల్ల, ఒక మంచినీళ్ళ కుండ ఉంటే మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళు కూడా గడియార స్తంభం దాకా నడవగలరు. ఇవేవీ కోట్ల రూపాయల కోరికలు కావు.

వీధి బాగుచేయడం అంటే తోపుడు బండ్లవాళ్ళను, గంపలవాళ్ళను తరిమివేయడం అని కొందరి అభిప్రాయం. బస్టాండు దగ్గర ఉడకబెట్టిన చెనిక్కాయలు అమ్మే ఆమెను ఈ సంగతి అడిగాను. "అక్కా, ఫుట్‌పాత్ వేస్తే మొదట లేపేది మమ్మల్నే. అందుకే మాకు భయం" అంది. ఆమెకు తెలియని సంగతి ఒకటి ఉంది. 2014లో వచ్చిన వీధి వ్యాపారుల చట్టం ప్రకారం ప్రతి పట్టణంలోనూ ఒక కమిటీ ఉండాలి. అందులో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే ఉండాలి, వాళ్ళలో మూడో వంతు ఆడవాళ్ళు ఉండాలి. అంటే తనను ఎక్కడ కూర్చోబెట్టాలన్న విషయంలో తన మాట అడగవలసిందే. మరి నడిచేవాళ్ళ సంగతి? 2025 మే నెలలో సుప్రీంకోర్టు, అడ్డంకులు లేని ఫుట్‌పాత్ రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమని చెప్పింది. అత్తకు ఈ సంగతి చదివి వినిపించినప్పుడు, "నడవడానికి కూడా కోర్టు చెప్పాల్సి వచ్చిందా!" అని నవ్వింది.

యెరికో దారి పక్కన కూర్చున్న బర్తిమయి కథ మనకు కొత్త కాదు. అతని కేకలు విని చుట్టూ ఉన్నవాళ్ళు కసిరారు. ప్రభువు మాత్రం ఆగి, దగ్గరికి పిలిపించి, ఏం కావాలో అతన్నే అడిగాడు. చూపు లేదని అందరికీ కనబడుతూనే ఉంది. అయినా అడిగాడు. వీధిలో బాధపడేవాణ్ణి అడగడం అతనికి ఇచ్చే మొదటి గౌరవం.

టౌనులో మా ఆడబిడ్డ పోయే సంఘంలో ఈ మాట చెప్పాను. అయ్యగారు సరేనన్నారు. ఒక శనివారం ఉదయం స్త్రీల సమాజం వారు పదిమంది కలిసి నడిచారు. ఒక చంటిపిల్ల తల్లి, చేతికర్రతో ఒక తాత, సైకిలు తోసుకుంటూ తొమ్మిదో తరగతి పిల్ల కూడా వచ్చారు. ఎక్కడ బండ లేదు, ఎక్కడ రోడ్డు దాటలేకపోయాం, ఎక్కడ నీడ లేదు అని ఒక నోటుపుస్తకంలో రాసుకున్నాం. చెనిక్కాయలమ్మ చెప్పిన మాట కూడా రాశాం. సోమవారం అర్జీలు తీసుకునే చోట ఆ కాగితం ఇచ్చి రసీదు తెచ్చుకున్నాం. పల్లెవాళ్ళం కూడా సంతకాలు పెట్టాం. మాకు ఇక్కడ ఓటు లేకపోయినా మా కాళ్ళు నడిచేది ఈ వీధుల్లోనే కదా.

రెండు నెలలకు మూడు చోట్ల కొత్త బండలు పడ్డాయి. చెట్లు, కూర్చునే బల్లలు, సైకిలు గీత ఇంకా కాగితం మీదే ఉన్నాయి. మళ్ళీ అర్జీ రాస్తాం. మీ ఊళ్ళోనూ ఇలా నడిచి చూడండి. ఖర్చు ఒక నోటుపుస్తకం, ఒక పెన్సిలు మాత్రమే. అయితే నడిచేటప్పుడు బలమైనవాళ్ళను కాదు, మీలో అందరికన్నా నెమ్మదిగా నడిచేవాళ్ళను ముందు నడవనివ్వండి. వీధి ఎలా ఉందో వాళ్ళకే బాగా తెలుస్తుంది.

మొన్న అత్తను బతిమాలి మళ్ళీ టౌనుకు తీసుకువచ్చాను. ఒక చేత్తో నా భుజం పట్టుకుని, కొత్తగా వేసిన బండ మీద కాలు మోపి చూసి, "ఇది గట్టిగానే ఉందిలే" అంది. నాలుగు అడుగులు వేశాక ఆగి, కర్రతో కాలువ వైపు చూపించి, "ఇదో, ఇక్కడ ఒకటి లేదు. రాసుకో" అంది.

నోటుపుస్తకం తీసి రాసుకున్నాను. ఆ రోజు ఇద్దరం గడియార స్తంభం దాకా నడిచాం.