గదితోపాటే పాస్

ఎండాకాలంలో అమ్మమ్మా తాతయ్యలు అమెరికా రాగానే అక్కడి తెలుగు ఇళ్లలో ఓర్లాండో థీమ్ పార్కుల మాట మొదలవుతుంది. చాలామంది ముందు పార్కు టికెట్లు కొనేసి, హోటల్ సంగతి చివర్న చూస్తారు. వాటిలో యూనివర్సల్ పార్కులకు వెళ్లేవాళ్లు మాత్రం హోటల్‌తోనే లెక్క మొదలుపెట్టాలి.

యూనివర్సల్ హోటళ్లలో 2002లో తెరిచిన లోవ్స్ రాయల్ పసిఫిక్ రిసార్ట్‌నే తీసుకోండి. దక్షిణ పసిఫిక్ దీవుల వాతావరణంలో కట్టిన వెయ్యి గదుల హోటల్ ఇది. నడిమి వాకిట్లో నీటి కొలను, అందులో జలకాలాడే రాతి ఏనుగులు, చుట్టూ ఆర్కిడ్ పూలు. స్విమ్మింగ్ పూల్ పక్కన ఇసుక కూడా పోశారు. పసివాళ్లు అక్కణ్నుంచి ఓ పట్టాన కదలరు.

అసలు లాభం వేరే ఉంది. గదిలో దిగిన ప్రతి ఒక్కరికీ యూనివర్సల్ స్టూడియోస్, ఐలాండ్స్ ఆఫ్ అడ్వెంచర్ పార్కుల్లో పొడవాటి లైన్లు తప్పించే ఎక్స్‌ప్రెస్ పాస్ అద్దెలోనే వస్తుంది. దిగిన రోజూ చెల్లుతుంది, ఖాళీ చేసే రోజూ చెల్లుతుంది. అంటే ఒక్క రాత్రి అద్దెకు రెండు రోజుల పాస్! నలుగురున్న కుటుంబానికి ఇది చాలా పెద్ద మిగులు. 2025 మేలో తెరిచిన యూనివర్సల్ వారి ఎపిక్ యూనివర్స్ పార్కులో మాత్రం ఈ పాస్ పనిచేయదు.

పార్కు టికెట్ విడిగా కొనాల్సిందే. గది అద్దెపై 12.5 శాతం పన్ను, కారు పార్కింగ్ కూడా అదనం.

వేసవి మధ్యాహ్నాల్లో అక్కడ ఉరుముల వానలు మామూలే. మెరుపులొస్తే బయటి రైడ్లు ఆపేస్తారు. అందుకే పొద్దున్నే రైడ్లు ముగించుకుని, మబ్బు పట్టకముందే పెద్దవాళ్లను పార్కుల నుంచి హోటల్‌కు నడిచే పడవెక్కించి తీసుకొచ్చేయండి.