రౌండ్ ఫిగర్

మా ఇంట్లో 'ఫుల్లు' అన్న మాటకు విలువ ఎక్కువ. నీళ్ల డ్రమ్ము ఫుల్లు, బియ్యం డబ్బా ఫుల్లు, పక్కన పెట్టుకున్న రెండో సిలిండరు ఫుల్లు. నల్లా ఎప్పుడొస్తుందో తెలియని హనుమకొండ వేసవుల్లో పెరిగినవాణ్ని. ఖాళీ బిందె కనిపిస్తే ఇప్పటికీ మనసు ఒకచోట నిలవదు. అందుకే బంకులో కారు ఆపితే నా నోట వచ్చేది ఒకటే మాట: "ట్యాంకు ఫుల్లు చెయ్యి తమ్ముడూ." నాజిల్ టక్కుమని ఆగాక ఇంకో మాట: "రౌండ్ ఫిగర్ చెయ్యి." ఆ పిల్లగాడు నాజిల్‌ను కొంచెం పైకి లాగి, చుక్క చుక్కగా, మూతి అంచు తడిసేదాకా పోసేవాడు. ఏళ్ల తరబడి ఇదే తంతు.

2024 ఫిబ్రవరిలో మేడారం జాతరకు పోయివచ్చేదాకా బండికి ఏ రోగమూ లేదు. అమ్మవార్లకు సమర్పించగా ప్రసాదంగా తెచ్చుకున్న బంగారం, అంటే బెల్లం, డిక్కీలో ఓ వారం ఉండిపోయి, దాని వాసనలో పెట్రోలు వాసన కలిసిపోయిందేమో, ముందుగా ఎవరూ పట్టుకోలేదు. తర్వాత ఎండలకు భయపడి రెండు నెలలు కారును వేపచెట్టు కింద నిలబెట్టాను. జూన్‌లో తీసి బంకుకు పోతే మొదలైంది. మీటరు మీద నలభై రూపాయలు తిరగకముందే టక్. మళ్లీ నొక్కితే అరవై దగ్గర టక్. సూది సగం కూడా దాటలేదు. వెనక ఆటో హారన్, దాని వెనక ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాలు దించి వస్తున్న ట్రాలీ. చివరికి పిల్లగాడు చెయ్యి దులుపుకొని, "మీ బండికి దూప అయితలేదు సార్" అన్నాడు.

నాకు నవ్వు రాలేదు, అనుమానం వచ్చింది. మనవాళ్లకు బంకు మీద అనుమానం పుట్టడానికి పెద్ద కారణం అక్కర్లేదు. ఆగి ఆగి పోస్తే ఏదో మిగులుతుందని ఎక్కడో విన్నదంతా గుర్తొచ్చింది. అయిదు లీటర్ల కొలపాత్ర తెమ్మన్నాను. తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న ఆ పాత్రను ప్రతి బంకూ ఉంచుకోవాలి, అడిగిన గిరాకీకి కొలిచి చూపాలి. అయిదు లీటర్లకు 25 మిల్లీలీటర్ల తేడా వరకు చెల్లుతుంది. తెచ్చారు, పోశారు. గీత మీద గీత. నాజిల్ ఒక్కసారి కూడా టక్కుమనలేదు. ఆ పాత్ర ముందు నేను చిన్నబోయాను గానీ అనుమానం మాత్రం చావలేదు. హంటర్ రోడ్డులో ఒక బంకు, ములుగు రోడ్డులో ఒకటి, కాజీపేటలో ఇంకొకటి తిరిగాను. మూడుచోట్లా టక్ టక్. అప్పటికిగానీ దొంగ నా వెంటే తిరుగుతున్నాడని తట్టలేదు.

అసలు ఆ టక్ ఎక్కడినుంచి వస్తుందో ఆ నాజిల్‌ను దగ్గరగా చూస్తే తెలుస్తుంది. మూతి కొసన, అంచుకు కొంచెం పైన, కందిగింజ పట్టేంత చిన్న రంధ్రం ఉంటుంది. దాన్నుంచి సన్నగొట్టం ఒకటి పిడిదాకా పోతుంది. పెట్రోలు జోరుగా పారుతుంటే ఆ జోరుకు సన్నగొట్టంలోంచి గాలి పీల్చుకుపోతుంది. రంధ్రానికి గాలి అందినంతసేపు అంతా సవ్యమే. పెట్రోలు పైకి లేచి రంధ్రాన్ని మూసిందా, లోపల పీలుపు బిగుసుకుని పొర ఒకటి లాగబడుతుంది, కొక్కెం ఊడుతుంది, టక్. కరెంటు లేదు, కంప్యూటరు లేదు. దానికి తెలిసింది ఒక్కటే: రంధ్రం మూసుకుందా, లేదా? ట్యాంకు నిండి మూసుకున్నా, లోపలికి పోలేని పెట్రోలు గొంతులోనే ఎగదన్ని మూసుకున్నా, దానికి తేడా లేదు.

ఈ సంగతి తెలియక ముందు చిట్కాలన్నీ చేశాను. నాజిల్‌ను తలకిందులు తిప్పించాను. సగమే దూర్పించాను. ధార సన్నం చేయించాను. సన్నం చేస్తే పోయేది, కానీ ఇరవై లీటర్లకు పావుగంట. అంతసేపు వెనకవాళ్ల చూపులు భరించడం నా వయసువాడికి కష్టం. పైగా పెట్రోలు పోయించిన వెంటనే బండి ఒకపట్టాన స్టార్టయ్యేది కాదు.

ఆటోనగర్‌లో అందరూ భాయ్ అని పిలిచే మేస్త్రీ ఒకాయన ఉన్నాడు. బానెట్ ఎత్తనే లేదు. "మూత తీస్తే బుస్సుమంటదా సార్?" అని అడిగాడు. అంటుందన్నాను. "గాలి పోతలేదు" అన్నాడు. రోగం పేరు అంతే.

నాకు చిన్నప్పటి రేషన్ కిరోసిన్ గుర్తొచ్చింది. సీసా మూతికి గరాటు బిగువుగా పెట్టి పోస్తే కిరోసిన్ గరాటులోనే నిలిచి గుడగుడలాడేది. మా అమ్మ గరాటుకూ సీసాకూ నడుమ చీపురుపుల్ల ఒకటి దూర్చేది. అంతే, సర్రున దిగేది. నలభై ఏళ్ల కింద ఇంట్లో చూసిందే. బంకులో మాత్రం తోచలేదు.

కారు ట్యాంకుకు ఆ చీపురుపుల్ల పని ఒక గొట్టం చేస్తుంది. లోపలికి పెట్రోలు దిగినకొద్దీ గాలి, ఆవిరి ఆ దారిన బయటికి రావాలి. ఆవిరిని నేరుగా వదిలితే ఊరి గాలి చెడుతుంది కనుక మధ్యలో బొగ్గు పలుకులు నింపిన డబ్బా పెట్టారు. బొగ్గు ఆవిరిని పట్టుకుంటుంది, గాలి బయటికి పోతుంది. ఇంజను నడిచేటప్పుడు ఆ ఆవిరిని పీల్చి కాల్చుకుంటుంది.

భాయ్ బండిని పైకి లేపి వెనకచక్రం పక్కన టార్చి వేశాడు. గాలి బయటికొచ్చే గొట్టం మూతికి ఎర్రమట్టి బిరడా. కందిరీగ గూడు. స్క్రూడ్రైవర్‌తో గీకితే పెళ్లలుగా రాలింది, లోపల ఎండి ముడుచుకున్న సాలీళ్లు రెండు మూడు. పుట్టబోయే పిల్లలకు తల్లి కందిరీగ దాచిన తిండి. రెండు నెలల నీడకు అది నాకు కట్టిన అద్దె కాబోలు. తర్వాత తెలిసింది, 2011లో మాజ్దా కంపెనీ అమెరికా ఖండంలో 65 వేల దాకా కార్లను వెనక్కి పిలిపించింది ఇలాంటి పనికే. పసుపుపచ్చ సాలీడు ఒకటి ఆ గొట్టంలో గూడు అల్లుతోందట. పెద్ద కంపెనీని సాలీడు ముప్పుతిప్పలు పెట్టిందంటే, నేనెంత.

గూడు తీశాక కథ ముగియాలి. ముగియలేదు. టక్కులు తగ్గాయి గానీ పోలేదు. మర్నాడు భాయ్ బొగ్గుడబ్బా ఊడదీసి నా చేతిలో పెట్టాడు. ఇటుకంత బరువు, గుప్పుమని పెట్రోలు వాసన. "ఇది వాసన పీల్చేది సార్, తాగేది కాదు. మీరే తాపిన్రు దీనికి" అన్నాడు.

రౌండ్ ఫిగర్. టక్కుమన్నాక నేను బలవంతాన పోయించిన ప్రతి గుక్కా పైకి లేచి ఆ గొట్టంలో పడి బొగ్గును తడిపింది. తడిసిన బొగ్గు గాలిని వదలదు. కందిరీగ పాపం రెండు నెలలదే, నాది ఏళ్లది.

ట్యాంకులో పైన ఖాళీ ఎందుకు వదులుతారో కాకతీయుల ఊళ్లో పుట్టినవాడికి ఒకరు చెప్పాలా? గణపతిదేవుడి కాలంనాటి పాకాల చెరువుకైనా మత్తడి కట్టకంటే కిందే ఉంటుంది. కట్ట అంచుదాకా నీళ్లు నిలుపుదామని ఎవడూ అనుకోలేదు. పెట్రోలు వేడికి ఉబ్బుతుంది. భూమిలోని ట్యాంకు నుంచి చల్లగా వచ్చి మన మే నెల ఎండలో ఇరవై డిగ్రీలు పెరిగితే, 35 లీటర్లకు అరలీటరుకు మించి పెరుగుతుంది. ఆ అరలీటరు కోసం వదిలిన చోటునే నేను ఏళ్లుగా రౌండ్ ఫిగర్‌తో నింపుతూ వచ్చాను.

కొత్త డబ్బా వేయించి, గొట్టం మూతికి సన్నజాలీ కట్టించాను. కొలపాత్ర తెప్పించిన బంకుకే పోయాను. పిల్లగాడు గుర్తుపట్టాడు. జీరో చూపించాడు, నాజిల్ పెట్టాడు. ఆగకుండా ఇరవై తొమ్మిది లీటర్లు దిగాక ఒక్కటే టక్.

"రౌండ్ ఫిగర్ చెయ్యాల్నా సార్?"

వద్దన్నాను. చిల్లర ఇచ్చాను.